అధివృక్క గ్రంథుల లోపము – గుర్తింపు, చికిత్స, జాగ్రత్తలు

మానవ శరీరములోని అవయవముల ప్రాముఖ్యమును వాని పరిమాణమును బట్టి నిర్ణయింపరాదు. ఈ మాటకు అధివృక్క గ్రంథులకన్న మంచి నిదర్శనము లేదు. రెండు మూత్రపిండములపై చెరియొక టోపీవలె అమరియుండు ఈ గ్రంథులనే అడ్రినల్ గ్రంథులనియు పిలుతురు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములకు మించి తూగదు; రెండింటిని కలిపి త్రాసులో వేసినను ఒక తులము బరువు రాదు. అట్టి స్వల్ప గ్రంథులు పని మానుకొన్ననాడు దృఢకాయుడైన యువకుడు సైతము మంచము పట్టును. చికిత్స జరుగనిచో ప్రాణములు కోల్పోవును. చికిత్స సక్రమముగా జరిగినచో అదే యువకుడు చదువుకొనును, ఉద్యోగము చేయును, సంసారము చేయును. ఈ రెండు గతుల మధ్య నున్న భేదము ఒక చిన్న మాత్రయు, దానిని గురించిన కొద్దిపాటి జ్ఞానమును మాత్రమే.

ఇది అరుదైన వ్యాధి కదా, కళాశాల పత్రికలో దీని ప్రసక్తి ఏల యని కొందరికి తోచవచ్చును. గ్రంథులు స్వయముగా చెడిపోవుట అరుదే. కాని మందుల దుర్వినియోగము వలన ఈ లోపమును కొనితెచ్చుకొనుట అరుదు కాదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో కీళ్ళ నొప్పులకు, ఆయాసమునకు, ఒళ్ళు చేయుటకు, తెల్లబడుటకు సైతము స్టీరాయిడ్ మందులు వాడువారిని మనమందరము ఎరుగుదుము. పేరు తెలియక వాడువారే వారిలో ఎక్కువ. కావున ఈ వ్యాసము ఆద్యంతము చదువ ఓపిక లేనివారు ఒక్క మాటను గుర్తుంచుకొన్న చాలును: చాలకాలముగా వాడుచున్న స్టీరాయిడ్ మందును హఠాత్తుగా ఆపరాదు. ఏల ఆపరాదో తెలిసికొనగోరువారికై తక్కిన వ్యాసము.

గ్రంథుల నిర్మాణము, వాని పని

అధివృక్క గ్రంథిలో రెండు భాగములు గలవు. వెలుపలి భాగమును వల్కలమనియు, లోపలి భాగమును దవ్వ యనియు అందురు. దవ్వ నుండి అడ్రినలిన్ అను హార్మోను వెలువడును. భయము కలిగినపుడు గుండె వేగముగా కొట్టుకొనుట దీని మహిమయే. అయినను దవ్వ లేకున్నను మనిషి బ్రతుకగలడు. వల్కలము లేకున్న బ్రతుకలేడు.

వల్కలము ముఖ్యముగా మూడు విధముల హార్మోనులను తయారుచేయును. మొదటిది ఆల్డోస్టిరోన్. ఇది మూత్రములో ఉప్పు వృథాగా పోకుండ నిలిపి, పొటాషియమును బయటికి పంపి, రక్తపీడనమును నిలబెట్టును. రెండవది కార్టిసాల్. ఇది రక్తములో చక్కెర పడిపోకుండ కాపాడును. రక్తనాళములకు బిగువు నిచ్చును. వాపును, మంటను అదుపులో నుంచును. మూడవది పురుష లక్షణములకు సంబంధించిన హార్మోనుల సముదాయము. స్త్రీలలో చంకలయందలి వెంట్రుకలు మొదలగునవి దీనిపై ఆధారపడి యుండును.

కార్టిసాల్ రోజంతయు ఒకే రీతిగా వెలువడదు. తెల్లవారుజామున పెరిగి, మనము నిద్రలేచు వేళకు ఉచ్చస్థితిలో నుండి, క్రమముగా తగ్గుచు అర్ధరాత్రికి అత్యల్పమగును. జ్వరము, గాయము, శస్త్రచికిత్స, ప్రసవము వంటి కష్టములు సంభవించినపుడు ఆరోగ్యవంతుని గ్రంథులు కార్టిసాలును మామూలుకన్న అనేక రెట్లు అధికముగా తయారుచేయును. కరవు కాలమునకై గాదెలో ధాన్యము దాచుకొన్న రైతువలె శరీరమునకు ఇది ఆపత్కాలపు అండ. ఈ అండ లేనివాడు మామూలు దినములలో ఎట్లో నెట్టుకొని వచ్చినను, ఒక్క విరేచనముల జబ్బు తగిలిన చాలును, కుప్పకూలిపోవును.

ఈ గ్రంథులు స్వతంత్రములు కావు. మెదడు అడుగున నున్న పీయూష గ్రంథి ఎ.సి.టి.హెచ్. అను హార్మోనును పంపి కార్టిసాలు తయారీకి ఆజ్ఞాపించును. రక్తములో కార్టిసాల్ చాలినంత యున్నచో ఆజ్ఞ తగ్గును. తక్కువైనచో ఆజ్ఞ హెచ్చును. ఈ ఏర్పాటును గుర్తుంచుకొన్నచో ముందు చెప్పబోవు విషయములన్నియు సులభముగా బోధపడును.

చరిత్ర

1855లో లండను నగరమందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ ఆడిసన్ ఒక చిన్న గ్రంథమును వెలువరించెను. అంతులేని నీరసము, ఆకలి లేమి, గుండె బలహీనత, చర్మము విచిత్రముగా నల్లబడుట అను లక్షణములతో మరణించిన రోగులలో అధివృక్క గ్రంథులు చెడిపోయి యుండుటను ఆయన అందులో వర్ణించెను. ఆయన వివరించిన 11 మంది రోగులలో పలువురి గ్రంథులను తినివేసినది క్షయవ్యాధి. మరుసటి సంవత్సరమే బ్రౌన్-సెకార్డ్ అను శాస్త్రజ్ఞుడు జంతువుల నుండి ఈ గ్రంథులను తొలగించి, అవి బ్రతుకజాలవని నిరూపించెను. ఆడిసన్ పేరు ఆ వ్యాధికి స్థిరపడినది.

వ్యాధి తెలిసినను మందు దొరకుటకు ఇంచుమించు వంద సంవత్సరములు పట్టినది. అంతవరకు రోగులలో పలువురు రెండేండ్ల లోపలనే మరణించుచుండిరి. 1930 ప్రాంతమున పశువుల గ్రంథుల నుండి తీసిన సారము కొందరిని నిలబెట్టినది. అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లాండులో టాడియస్ రైక్‌స్టైన్ వల్కలపు హార్మోనులను వేరుచేసి వాని నిర్మాణమును కనుగొనిరి. 1948లో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కార్టిసోన్ అను మందును కీళ్ళవాతముతో మంచము పట్టిన రోగికి ఇవ్వగా, కొలది దినములలోనే ఆమె లేచి నడిచినది. ఈ మువ్వురికి 1950లో నోబెల్ బహుమానము లభించినది.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. అధివృక్క లోపమునకు సంజీవని యైన మందే కీళ్ళ నొప్పులకు అద్భుత ఔషధముగ కూడ లోకమునకు తెలిసినది. ఆ రెండవ కీర్తి మందును ఊరూరికి చేర్చినది. ఆ కీర్తియే నేడు కొత్త రోగులను సృష్టించుచున్నది.

కారణములు

అధివృక్క లోపము మూడు విధములుగ కలుగును.

మొదటిది గ్రంథులే చెడిపోవుట. దీనినే ఆడిసన్ వ్యాధి యందురు. పాశ్చాత్య దేశములలో దీనికి ప్రధాన కారణము, శరీరపు రోగనిరోధక శక్తి పొరపాటున సొంత గ్రంథులపైననే దాడిచేయుట. మన దేశములో ఆ కారణముతోపాటు క్షయవ్యాధి నేటికిని ముఖ్య కారణముగ నున్నది. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో క్షయ వైద్యశాల వెలసి వంద సంవత్సరములు దాటినను, ఆ వ్యాధి మన ప్రాంతమును వీడిపోలేదు. ఊపిరితిత్తుల నుండి క్షయ క్రిములు రక్తము ద్వారా గ్రంథులను చేరి, అచ్చట సంవత్సరముల తరబడి నిదానముగ పని చేయును. వల్కలములో దాదాపు తొంబది శాతము నశించు వరకు లక్షణములు స్పష్టముగ బయటపడవు. హిస్టోప్లాస్మా అను బూజు జాతి క్రిమియు, హెచ్.ఐ.వి. సోకినవారిలో కలుగు ఇతర అంటురోగములును గ్రంథులను చెరుపగలవు.

నవజాత శిశువులలో ఇంకొక విధము గలదు. కార్టిసాలును తయారుచేయుటకు అవసరమగు ఎంజైము జన్యులోపము వలన లేకపోవుట దీనికి కారణము. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపభూయిష్ట జన్యువులు కలిసినపుడే ఈ వ్యాధి కలుగును. మేనరికపు వివాహములలో ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు. హైదరాబాదులో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన ఫలితములలో సుమారు 2,600 మందికి ఒకరిలో ఈ లోపము కనబడినది. పుట్టిన రెండు మూడు వారములలో శిశువు పాలు త్రాగక, వాంతులు చేసికొని, బరువు తగ్గి, నీరు పోయి సొమ్మసిల్లినచో ఈ వ్యాధిని అనుమానింపవలెను. ఆడశిశువులో జననాంగములు సందేహాస్పదముగ నున్నచో తప్పక పరీక్ష చేయింపవలెను. సిగ్గుపడి దాచుట శిశువు ప్రాణమునకే ముప్పు.

రెండవది పీయూష గ్రంథి చెడిపోవుట. ఆజ్ఞ ఇచ్చువాడు లేనపుడు పనివాడు ఆరోగ్యముగ నున్నను పని సాగదు. ప్రసవ సమయమున అధిక రక్తస్రావము జరిగిన తల్లులలో పీయూష గ్రంథికి రక్తము చాలక అది ఎండిపోవుట కలదు. దీనిని 1937లో షీహాన్ అను వైద్యుడు విపులముగ వర్ణించెను. అట్టి తల్లికి పాలు పడవు, ముట్టు తిరిగి రాదు, సంవత్సరములు గడచిన కొలది నీరసము పెరుగును. ఇంటివారు దానిని బాలింత బలహీనత యని సరిపెట్టుకొందురు. వేరుశనగ చేలలో పనిచేయు మన రైతులు ముఖ్యముగ తెలిసికొనవలసిన మరియొక కారణము రక్తపింజరి కాటు. దాని విషము వలన పీయూష గ్రంథి దెబ్బతిని, కొందరిలో వెంటనే, కొందరిలో నెలల తరువాత ఈ లోపము బయటపడును. 1987లో బర్మా దేశమునుండి దీనిపై ప్రసిద్ధమైన పరిశోధన వెలువడినది. దక్షిణ భారతములోను ఇట్టి రోగులను గుర్తించిరి. పాము కాటునుండి బ్రతికి బయటపడినవాడు ఎన్నటికిని కోలుకొనక నీరసించుచున్నచో వైద్యుడు ఈ కోణమున కూడ ఆలోచింపవలెను.

మూడవది మందుల వలన కలుగునది. అన్నింటికన్న అధికముగ కనబడునది, సులభముగ నివారింపదగినది ఇదియే. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ మొదలగునవి కార్టిసాలును పోలిన కృత్రిమ మందులు. వానిని చాలినంత మోతాదులో మూడు నాలుగు వారములకు మించి వాడినచో, రక్తములో చాలినంత కార్టిసాల్ ఉన్నదని పీయూష గ్రంథి భావించి ఆజ్ఞలు మానుకొనును. ఆజ్ఞలు లేక అధివృక్క వల్కలము కృశించిపోవును. మందు వాడుచున్నంత కాలము లోటు తెలియదు. హఠాత్తుగ ఆపిన దినమున మందునకు మందు లేదు, గ్రంథికి శక్తి లేదు. గ్రంథి తిరిగి కోలుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైగా పట్టవచ్చును.

ఈ మాత్రల బలమును గూర్చి ఒక లెక్క చూడుడు. 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోనుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ సమానము. అంతటి పనిని డెక్సామెథసోన్ 0.75 మిల్లీగ్రాములోనే చేయును. కావున అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్రలు దినమునకు రెండు వేసికొనువాడు, చూచుటకు ఆవగింజలంత మాత్రలే యైనను, శరీరము సహజముగ దినమంతయు తయారుచేసికొనుదానికన్న అధికముగనే తీసికొనుచున్నాడు.

ధర్మవరములో ఉదయము మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు గుంట మగ్గములో కూర్చుండి పట్టు నేయు ఒక కార్మికుని ఊహించుకొందము. నడుము, మోకాళ్ళు పట్టివేసినవి. ఎవరో ఇచ్చిన పొట్లములోని మాత్రలతో రెండు దినములలో నొప్పి మాయమైనది. ఆకలి హెచ్చినది, ముఖము గుండ్రమైనది. ఆరోగ్యము బాగుపడినదని ఇంటివారు సంతోషించిరి. ఆరు నెలలు గడచినవి. ఇంతలో మగ్గము ఆగి చేతిలో డబ్బు లేకనో, పెండ్లికి పొరుగూరు వెళ్ళియో మాత్రలు ఆపెను. కొలది దినములలో నీరసము, వాంతులు, కడుపునొప్పి, పిమ్మట జ్వరము, తుదకు స్పృహ లేదు. వేసవియైనచో జనులు వడదెబ్బ యందురు. పొట్లములోని మందు పేరు ఎవరికిని తెలియదు. వైద్యునికి ఎవరును చెప్పరు. ఇట్టి మరణము పుస్తకములలో ఏ పేరుతో నమోదగునో ఊహింపవచ్చును.

మాత్రలే కాదు, ఆయాసమునకు పీల్చు మందులు అధిక మోతాదులో వాడినను, కీళ్ళలోనికి తరచుగ ఇంజెక్షనులు చేయించుకొన్నను, ముఖము తెల్లబడుటకై క్లోబెటసాల్ వంటి లేపనములు నెలల తరబడి పూసికొన్నను ఇదే ప్రమాదము కలుగవచ్చును. పేరులేని నాటుచూర్ణములలో స్టీరాయిడ్లు కలుపుటయు కలదు. మందు అత్యద్భుతముగ, అతిశీఘ్రముగ పనిచేసినచో సంతోషించుటతో పాటు అనుమానించుటయు నేర్చుకొనవలెను.

అంతమాత్రమున స్టీరాయిడ్లు విషములని భావింపరాదు. ఉబ్బసము, కీళ్ళవాతము, మూత్రపిండ వ్యాధులలో అవి ప్రాణదాతలు. 2020లో కోవిడ్ వ్యాధితో ప్రాణవాయువు అవసరమైన రోగులను డెక్సామెథసోన్ కాపాడినదని రుజువైనది. తప్పు మందుది కాదు; సలహా లేక వాడుటయు, సలహా లేక ఆపుటయు తప్పు.

లక్షణములు

వ్యాధి దొంగవలె వచ్చును. తరుగని నీరసము, ఆకలి మందగించుట, బరువు తగ్గుట, వికారము, కడుపునొప్పి, లేచి నిలబడగనే కన్నులు చీకట్లు క్రమ్ముట సామాన్య లక్షణములు. ఆడిసన్ వ్యాధిలో మరి రెండు ప్రత్యేక చిహ్నములు గలవు. ఒకటి, ఉప్పు మీద విపరీతమైన కోరిక. ఊరగాయ రసమును త్రాగుట, ఉప్పు గల్లు నోట వేసికొనుట వంటివి కనబడును. రెండవది, చర్మము నల్లబడుట. పీయూష గ్రంథి అదేపనిగ పంపు ఎ.సి.టి.హెచ్. చర్మములోని రంగు కణములను ప్రేరేపించుటయే దీనికి కారణము.

తెల్లజాతివారిలో ఈ నలుపు సులభముగ కనబడును. మన వారిలో ఎండకు కమిలినదని త్రోసివేయుదురు. కావున ఎండ తగులని చోట్ల చూడవలెను. అరచేతి గీతలు, చిగుళ్ళు, నాలుక, పాత గాయపు మచ్చలు, వ్రేళ్ళ కణుపులు నల్లబడినవా యని పరిశీలింపవలెను. రోగి రెండు మూడు సంవత్సరముల నాటి ఛాయాచిత్రముతో నేటి ముఖమును పోల్చుట మంచి ఉపాయము. పీయూష గ్రంథి లోపములోను, మందుల వలన కలిగిన లోపములోను ఈ నలుపు ఉండదు. ఆల్డోస్టిరోన్ మిగిలియుండును గనుక ఉప్పు నష్టమును అంతగ కలుగదు.

పరీక్షలు

రక్తములో సోడియము తగ్గి, పొటాషియము హెచ్చి యుండుట ఆడిసన్ వ్యాధికి మొదటి సూచన. ఉదయము ఎనిమిది గంటలకు తీసిన రక్తములో కార్టిసాలును కొలుచుట ముఖ్యమైన పరీక్ష. అది డెసిలీటరునకు 3 మైక్రోగ్రాములకన్న తక్కువైనచో లోపము దాదాపు నిశ్చయము. 18కి మించినచో సాధారణముగ లోపము లేదనవచ్చును. మధ్యస్థముగ నున్నచో ఎ.సి.టి.హెచ్. ఇంజెక్షను నిచ్చి, గ్రంథి ఎంతవరకు స్పందించినదో తిరిగి కొలుతురు. రక్తములోని ఎ.సి.టి.హెచ్. అధికముగ నున్నచో దోషము అధివృక్క గ్రంథిది. తక్కువగ నున్నచో పైనున్న పీయూష గ్రంథిది. పిమ్మట స్కానింగు ద్వారా గ్రంథుల ఆకారమును చూతురు. క్షయ సోకినచో అవి మొదట ఉబ్బి, పిమ్మట కుంచించుకొని, సున్నపు చారలతో కనబడును.

పరీక్షకు ముందు తాను వాడిన మాత్రలు, ఇంజెక్షనులు, లేపనములు, చూర్ణములు అన్నియు రోగి దాచక చెప్పవలెను. రోగి ప్రాణాపాయ స్థితిలో నున్నచో రక్తము తీసియుంచి, ఫలితమునకై వేచియుండక చికిత్స ప్రారంభింపవలెను.

చికిత్స

చికిత్స సూత్రము సరళము: లేనిదానిని ఇచ్చుట. హైడ్రోకార్టిసోన్ పెద్దలకు దినమునకు 15 నుండి 25 మిల్లీగ్రాములు, రెండు లేక మూడు భాగములుగ ఇత్తురు. నిద్రలేవగనే పెద్ద భాగమును, మధ్యాహ్నము, సాయంత్రము చిన్న భాగములను వేసికొందురు. ప్రకృతి క్రమమును అనుకరించుటయే దీని యుద్దేశము. అది దొరకనిచో దినమునకు 3 నుండి 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోనుతోను గడుపవచ్చును. గ్రంథులే చెడిపోయినవారికి ఉప్పును నిలుపుటకై ఫ్లూడ్రోకార్టిసోన్ అను మాత్రను, సాధారణముగ దినమునకు 50 నుండి 100 మైక్రోగ్రాములు, జతచేయుదురు. మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను. ఈ మందులు జీవితాంతము వాడవలసినవి.

ఈ మోతాదు శరీరములోని లోటును పూరించునంతటిదే. కావున స్టీరాయిడ్ వాడిన ఎముకలు గుల్లబారును, ఒళ్ళు ఉబ్బునను భయముతో దీనిని ఆపుట తగదు. ఆ దోషములు అధిక మోతాదునకు సంబంధించినవి.

రెండు సూక్ష్మములను వైద్య విద్యార్థులు కాగోరువారు గమనింతురు గాక. క్షయకు వాడు రిఫాంపిసిన్ అను మందు కాలేయములో కార్టిసాలును త్వరగ హరింపజేయును. గ్రంథులు బలహీనముగ నున్న రోగికి క్షయ చికిత్స ప్రారంభించిన కొలది దినములలోనే స్థితి విషమించినచో, మందు పడలేదని ఆపుటకు బదులు అధివృక్క లోపమును పరిశీలింపవలెను. హైడ్రోకార్టిసోన్ మోతాదును పెంపవలెను. రెండవది, షీహాన్ వ్యాధి గల తల్లికి థైరాయిడ్ లోపము కూడ నుండును. ముందుగ కార్టిసాల్ లోటును తీర్చక థైరాయిడ్ మాత్రలు ఇచ్చినచో ఆమె ఆపదలో పడవచ్చును.

ఇతర వ్యాధులకు దీర్ఘకాలము స్టీరాయిడ్లు వాడినవారు మందును మానవలసివచ్చినపుడు, వైద్యుని పర్యవేక్షణలో వారములు, నెలల తరబడి కొంచెము కొంచెముగ తగ్గింపవలెను.

ఆపద సమయము

మంచి చికిత్సలో నున్న రోగులలోను ఏటేట నూటికి ఆరు నుండి ఎనిమిది పర్యాయములు ప్రాణాపాయ స్థితి కలుగుచున్నదని పరిశోధనలు తెలుపుచున్నవి. వాంతులు, విరేచనములు, జ్వరము దీనికి ప్రధాన హేతువులు. ఆరోగ్యవంతుని గ్రంథి జ్వరములో తానే ఉత్పత్తిని పెంచుకొనును. రోగి తన చేతితో పెంచుకొనవలెను. కావున ఈ నియమములు ప్రతి రోగికిని, అతని ఇంటివారికిని కంఠస్థమై యుండవలెను.

జ్వరము 38 డిగ్రీల సెల్సియస్, అనగా ఇంచుమించు 100.4 ఫారెన్‌హీట్ దాటినచో హైడ్రోకార్టిసోన్ మోతాదును రెట్టింపు చేయవలెను. 39 దాటినచో మూడు రెట్లు వాడవలెను. జ్వరము తగ్గిన పిమ్మట రెండు మూడు దినములలో మామూలు మోతాదునకు రావలెను. మాత్ర కడుపులో నిలువక వాంతులైనచో ఇంటివద్ద కాలయాపన చేయరాదు, ఇంజెక్షను అవసరము. శస్త్రచికిత్స, పన్ను తీయించుట, ప్రసవము సమీపించినపుడు వైద్యునికి ముందే తెలుపవలెను.

రోగి సొమ్మసిల్లినచో పెద్దలకు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షనును నరమునకుగాని, కండకుగాని ఇచ్చి, వెంటనే సెలైన్ ఎక్కింపవలెను. తరువాతి ఇరువదినాలుగు గంటలలో మరి 200 మిల్లీగ్రాములు ఇత్తురు. ఈ ఇంజెక్షను ఉబ్బసమునకు కూడ వాడునదే గనుక సామాన్య ఆసుపత్రులకు కొత్తది కాదు. మందు లేక కాదు, తలపునకు రాక రోగులు నష్టపోవుచున్నారు. అందుచే ప్రతి రోగియు జేబులో ఒక కార్డు నుంచుకొనవలెను. దానిపై ఇట్లు వ్రాయింపవలెను: “నాకు అడ్రినల్ లోపము కలదు. నేను స్టీరాయిడ్ మందుపై ఆధారపడి యున్నాను. వాంతులు, ప్రమాదము, స్పృహ తప్పుట సంభవించినచో ముందుగ హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కింపుడు.”

ఉపవాసము, వేసవి

రంజాన్ మాసములో ఈ రోగులకు ఒక ధర్మసందేహము కలుగుట సహజము. పగలంతయు అన్నపానీయములు, మాత్రలు లేకుండుట కార్టిసాల్ లోపము గలవారికి ప్రమాదకరము కావచ్చును. చక్కెర పడిపోవును, నీరు ఉప్పు తరిగిపోవును. దివ్య ఖురానులో సూరా బఖరాయందు ఉపవాస విధిని తెలుపు సందర్భముననే రోగులకు, ప్రయాణికులకు మినహాయింపును, ఇతర దినములలో పూర్తిచేసికొను వీలును ప్రసాదింపబడినవి. చాలకాలము వాడవలసిన మందుపై జీవించువారు మాసారంభమునకు ముందే వైద్యుని, మతపెద్దను సంప్రతింపవలెను. వ్యాధి స్థిరముగ నున్న కొందరికి సహరీ, ఇఫ్తారు వేళలకు మందును సర్ది వైద్యులు అనుమతింతురు. అట్టివారును కళ్ళు తిరుగుట, వికారము, తీవ్ర నీరసము తోచినచో తత్క్షణమే ఉపవాసమును విరమింపవలెను. స్టీరాయిడ్ మాత్రలు వాడుచున్న ఉబ్బసరోగియు, కీళ్ళరోగియు రంజానుకై మందును తమంతట తాము ఆపరాదు. ఏకాదశి, శివరాత్రి ఉపవాసములకును ఇవే మాటలు వర్తించును.

మన ప్రాంతపు వేసవి మరియొక పరీక్ష. చెమటతో ఉప్పు పోవును గనుక ఆడిసన్ రోగులు ఉప్పు వేసిన మజ్జిగను ధారాళముగ త్రాగవలెను. రక్తపోటునకు భయపడి ఉప్పు మానుడను సాధారణ సలహా వీరికి వర్తింపదు. ఉరుసులకు, తిరునాళ్ళకు, దూరప్రయాణములకు పోవునపుడు కొన్ని దినములకు అదనముగ సరిపోవు మాత్రలను వెంటనుంచుకొనవలెను.

మన కర్తవ్యము

ఈ వ్యాధి గలవాడు నిరాశ చెందనవసరము లేదు. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీకి 1947లో లండనులో ఈ వ్యాధిని కనుగొనిరి. మందులతోనే ఆయన సెనేటరై, 1960లో అధ్యక్షుడుగ ఎన్నికయ్యెను. 1947లో ఒక ధనికుని కుమారునికి దొరకిన చికిత్సకన్న మేలైనది నేడు మన నేత కార్మికునికి, మన రైతుకు అందుబాటులో నున్నది. అందవలసినది దానిని గూర్చిన తెలివి.

కళాశాల కమిటీవారికి సవినయముగ మూడు సూచనలు. ప్రవేశ సమయమున దీర్ఘకాలము మందులు వాడు విద్యార్థుల వివరములను తల్లిదండ్రుల అంగీకారముతో, గోప్యముగ, ఒక పుస్తకములో నుంచుట మొదటిది. జాతీయ సేవాపథకము శిబిరములకు వెళ్ళునపుడు, “నొప్పులకు, ఆయాసమునకు ఏ మాత్రలు ఎంతకాలముగ వాడుచున్నారు?” అను ఒక్క ప్రశ్నను ప్రతి ఇంట అడిగించి, పేరు తెలియని మాత్రలున్న వారిని ప్రభుత్వ వైద్యుని వద్దకు పంపుట రెండవది. రంజానుకు ముందు, వేసవికి ముందు, ఒక్క పుట కరపత్రమును ఉర్దూలోను, తెలుగులోను అచ్చువేయించి మసీదులలో, మగ్గాల వీధులలో, బస్సు స్టాండులలో పంచుట మూడవది. ఈ పనిని రెండు భాషలలోను చేయగల శక్తి మన వంటి కళాశాలకే కలదు.

విద్యార్థి సోదరసోదరీమణులారా! మీ ఇంటిలో పెద్దవారి దిండు క్రింద నున్న మాత్రల పొట్లమును నేడే చూడుడు. పేరు చదువుడు. అది ప్రెడ్నిసొలోనో, డెక్సామెథసోనో, బీటామెథసోనో అయినచో వారిని కోపగించి దానిని పారవేయవలదు. పొట్లముతో సహా వారిని వైద్యుని వద్దకు తోడ్కొని పొండు. చదువు వలన ఇంటికి కలుగు మేలు అచ్చట ప్రారంభమగును.